ఓడ ఎక్కక ముందు పడవ

చాంగీ బిజినెస్ పార్క్ పేరు మన పాఠకులలో పలువురికి తెలిసినదే. ఎక్స్‌పో స్టేషనులో రైలు దిగి రోడ్డు దాటితే బ్యాంకుల వారి, కంప్యూటరు కంపెనీల వారి భవనాలు బారులు తీరి ఉంటాయి. 1997లో జె.టి.సి. సంస్థ ప్రారంభించిన ఈ పార్కులో మధ్యాహ్న భోజనం వేళ పది నిమిషాలు నిలబడితే చాలు, తెలుగు చెవిన పడుతుంది. గుంటూరు మాట, కరీంనగరు మాట, గోదావరి మాట మూడూ ఒకే వరుసలో నిలబడి అన్నం కోసం ఎదురు చూస్తూ ఉంటాయి. మేము చిన్నతనంలో ఎస్టేటు లైను ఇండ్లలో విన్న తెలుగు వేరు, ఈ తెలుగు వేరు. అయినా ఆ మాట వినపడగానే కాలు తనంతట తానే ఆగుతుంది.

ఈ తూర్పు తీరంలో పూర్వం కొబ్బరి తోటలు, మలాయి కంపోంగులు ఉండేవి. పార్కుకు పొరుగున సోమపా రోడ్డు అని ఒకటి ఉన్నది. హున్మా సోమపా అనే భారతీయ భూస్వామి పేరు మీద అక్కడ ఒక గ్రామం వెలిసింది. ఆ గ్రామం ఇప్పుడు లేదు. రోడ్డుకు పేరు మాత్రం మిగిలింది.

సింగపూరు పిల్లలు ఊరికి దూరమైన చోటును ‘ఉలు’ అంటారు. చాంగీ చాలా ఉలు అని మా తరగతి పిల్లలే అంటారు. ఇది మలాయి మాట. ఏటికి ఎగువ భాగం ఉలు, ఏరు సముద్రంలో కలిసే చోటు కువాలా. కువాలాలో సుంకం వసూలు చేసేవాడు, సంత, దొరతనం ఉండేవి. ఉలులో ఉండేది అడవి మనుషులని కువాలా వారి అభిప్రాయం. మన గోదావరి జిల్లాలలో దీనికి జోడైన మాట ‘ఏజెన్సీ’. మామూలు చట్టాలు నడవవని చెప్పి, కలెక్టరునే గవర్నరుకు ఏజెంటుగా చేసి పాలించిన కొండ ప్రాంతం కనుక ఆ పేరు వచ్చింది. రెండు మాటలూ దిగువన కూర్చున్నవాడు పెట్టినవే. ఎగువ వాడిని ఎవరూ అడగలేదు.

ఈ ఎగువ దిగువల సంగతి మమ్ములను ఎందుకు పట్టుకున్నదో చెప్పాలి. మా ఆదివారం తెలుగు తరగతి గోడ మీద ఒక పటం ఉన్నది. అందులో ఒక ఎర్ర గీత మద్రాసు రేవులో మొదలై, నాగపట్నం తాకి, పెనాంగు మీదుగా సింగపూరు చేరుతుంది. ‘మన పూర్వీకులు వచ్చిన దారి’ అని పైన వ్రాసి ఉన్నది. ఆ అక్షరాలు మావే. ఇరవై ఏళ్ళకు పైగా ఆ గీత మీద బెత్తం పెట్టి పాఠం చెప్పాము. పోయిన సంవత్సరం బిజినెస్ పార్కులో ఉద్యోగం చేసే ఒక యువకుడు తన పాపను తరగతిలో చేర్చడానికి వచ్చాడు. పూర్వపు తూర్పు గోదావరి జిల్లాలో దేవీపట్నం వైపు అతని ఊరు. పటం ముందు కాసేపు నిలబడి, “మాస్టారూ, ఈ గీతకి ముందు ముక్క ఏదండీ? ఇంటి దగ్గర్నుంచి మద్రాసు దాకా మనవాళ్ళు గాల్లో రాలేదు కదండీ” అన్నాడు.

అతను వేళాకోళానికే అన్నాడు. మాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ ముందు ముక్కను మాకు మా మామ్మ ఎన్నోసార్లు చెప్పింది. మేమే వినలేదు.

మా ముత్తాత అగ్రిమెంటు కాలంలో వచ్చినవాడు. మామ్మ ఆ తరువాత, 1920లలో, ఒక కంగాణి వెంట వచ్చిన గుంపులో చిన్న పిల్లగా వచ్చింది. అగ్రిమెంటు కూలి పద్ధతిని మలయాలో 1910లో ఎత్తివేశారు. కంగాణి పద్ధతి 1938లో భారత ప్రభుత్వం నిలిపివేసే వరకు నడిచింది. ఎస్టేటులో పిల్లలమంతా చుట్టూ కూర్చుంటే మామ్మ తన ప్రయాణం చెప్పేది. “ఓడెక్కడం తర్వాత నాయనా, ముందు పడవెక్కేం. మూడు రేత్రులు పడవలోనే పడుకున్నాం. పడవ మెట్లు దిగింది” అనేది. మా తెలుగు అప్పటికి వంటింటి తెలుగు. ఓడకూ పడవకూ భేదం మాకు తెలియదు. ముసలామె మరచిపోయి ఒకే ప్రయాణాన్ని రెండుసార్లు చెబుతున్నదని అనుకున్నాము. పడవ మెట్లు దిగటం అంటే నవ్వు వచ్చేది. “మామ్మా, అది ఓడ” అని దిద్దేవాళ్ళం. ఆమె కొన్నాళ్ళకు దిద్దించుకోవడం మాని, చెప్పడమే మానివేసింది. మేము సంఘం తరగతులలో చేరి అక్షరాలు నేర్చుకున్న నాటికి ఆమె లేదు.

పడవ మెట్లు దిగటం అంటే ఏమిటో మాకు 2018 డిసెంబరులో ధవళేశ్వరం గట్టు మీద నిలబడినప్పుడు తెలిసింది. అక్కడ కాలువ మొదట్లో లాకులు ఉన్నాయి. నది మట్టం ఎక్కువ, కాలువ మట్టం తక్కువ. పడవ తిన్నగా పోతే బోల్తా కొడుతుంది. కనుక రెండు తలుపుల మధ్య రాతి గోడల తొట్టిలోకి పడవను పోనిచ్చి, వెనుక తలుపు మూసి, నీటిని మెల్లగా వదులుతారు. నీటితో పాటు పడవ దిగుతుంది. అప్పుడు ముందు తలుపు తెరుస్తారు. ఇటువంటి లాకులు కాలువ పొడుగునా ఉన్నాయి. పడవలో పడుకున్న చిన్న పిల్లకు అది మెట్లు దిగినట్లు కాక మరి ఎట్లా ఉంటుంది? గట్టు మీద మాతో ఉన్న బంధువులు వేడి వేడి పెసరట్లు తిందాం రమ్మని పిలుస్తున్నారు. మాకు కాసేపు కదలబుద్ధి కాలేదు.

ఈ లాకుల చరిత్ర ఆర్థర్ కాటన్ దొరతో మొదలవుతుంది. ఆయన ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో ప్రారంభమై 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా నదిని అడ్డగించారు. కాటన్ పేరు చెప్పగానే మనకు వరి పొలాలు గుర్తుకు వస్తాయి. ఆయన మనసులో నీటికి రెండు పనులు ఉండేవి. ఒకటి పంట, రెండవది రవాణా. రైళ్ళ కంటె కాలువ చవక అని ఆయన జీవితమంతా వాదించాడు. అందువలన డెల్టా కాలువలు పడవలు నడిచేటట్లు త్రవ్వబడ్డాయి. గాలి ఉంటే తెరచాప, లేకుంటే ఇద్దరు ముగ్గురు మనుషులు గట్టున నడుస్తూ తాడుతో లాగేవారు.

1890లలో రైలు పడేవరకు ఆ జిల్లాలకు అవే రాజమార్గాలు. కాకినాడలో పడవ ఎక్కినవాడు ధవళేశ్వరం చేరి, గోదావరి దాటి, ఏలూరు కాలువలో బెజవాడ వచ్చి, కృష్ణ దాటి, కొమ్మమూరు కాలువ పట్టుకొని, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో పడి, సముద్రపు అల తగలకుండానే మద్రాసు చేరవచ్చును. పెదగంజాం నుండి మరక్కాణం వరకు ఆ చివరి కాలువే సుమారు 420 కిలోమీటర్లు. దానిలో కొంత భాగం 1876-78 నాటి ధాత కరువులో ఆకలితో ఉన్న జనం చేత కరువు పనిగా త్రవ్వించారు. గవర్నరు పేరు దానికి ఉండిపోయింది. త్రవ్వినవారిలో ఎందరో ఆ మరుసటి ఏళ్ళలో కూలికి దేశాలు పట్టిపోయిన తరగతి వారే. మామ్మ కాలానికి రైలు వచ్చేసింది కనుక ఆమె పడవ సామర్లకోటతో ముగిసింది. అక్కడ నుండి రైలులో మద్రాసు, ఆవడి క్యాంపు. ఆ క్యాంపును నడిపిన నిధికి 1907లో పుట్టినప్పుడు పెట్టిన పేరు ‘తమిళ వలస నిధి’. తెలుగువాడు తన పేరు లేని నిధి ఖర్చు మీద, తన పేరు లేని లెక్కలో సముద్రం దాటాడు. ఈ సంగతి మీద మాకు ఇప్పటికీ కొంచెం కోపమే.

ఇది దిగువ కథ. మామ్మ పడవ ఎక్కింది ఎగువన. “పోలవరానికి పైన, ఏటి ఒడ్డు” అని మాత్రమే చెప్పేది. ఊరి పేరు మా ఇంట్లో నిలవలేదు. ముత్తాత కాగితంలో జిల్లా అన్న చోట గోదావరి అని స్పష్టంగా ఉన్నది. ఊరు అన్న చోట గుమాస్తా వ్రాసిన ఇంగ్లీషు ముక్క ఎవరికీ కొరుకుడు పడదు.

పోలవరానికి పైన గోదావరి వేరే నది. డెల్టాలో మైళ్ళ వెడల్పున పరచుకొనే ఏరు అక్కడ కొండల మధ్య ఇరుకున పడి, కొన్ని చోట్ల రెండు మూడు వందల గజాలకు కుంచించుకొని పోతుంది. ఆ కొండలే పాపికొండలు. స్త్రీల పాపిటవలె ఉన్నవి కనుక పాపిడి కొండలు అని కూడా అంటారు. ఇంగ్లీషువారు అడవిదున్నలను చూసి బైసన్ కొండలు అన్నారు. ఆ సందులో నుండి పైకి, భద్రాచలం దాటి, మధ్య భారతం దాకా పడవలు నడపాలని కాటన్ తలపెట్టాడు. బేరారు ప్రాంతపు ప్రత్తిని నది మీద కాకినాడకు దింపి సీమకు పంపవచ్చునని లెక్క. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి ప్రత్తి ఆగిపోయేసరికి లాంకషైరు మిల్లుల వారు ఈ లెక్కను గట్టిగా పట్టుకున్నారు.

నదికి మూడు చోట్ల బండరాళ్ళ అడ్డంకులు ఉన్నాయి. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం, రెండవది ఇచ్చంపల్లి. హేగ్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు, ప్రక్క కాలువ కట్టారు. మన్యం జ్వరం పనివాళ్ళను, దొరలను ఒకే విధంగా పడగొట్టింది. యుద్ధం ముగిసి అమెరికా ప్రత్తి మళ్ళీ వచ్చింది. రైలు కూడా ప్రత్తి దేశాన్ని వేరే వైపు నుండి చేరుకున్నది. 1871లో పని నిలిపివేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట మాత్రం నిలిచింది. హేగ్ చొరవతో అక్కడ కోయల మధ్య ఒక క్రైస్తవ మిషను కూడా ఏర్పడింది. ఆ మిషనులో పనిచేసిన జాన్ కెయిన్ అనే పాదిరీ 1870లలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, కోయల ఆచారాల గురించి వ్యాసాలు వ్రాశాడు. ప్రత్తి కోసం తెరిచిన దారిలో చివరకు పైకి వెళ్ళినవి ఉప్పు, బట్ట, బైబిలు, అప్పు పత్రం. క్రిందికి వచ్చినవి టేకు దుంగలు, వెదురు తెప్పలు, చింతపండు.

దొరలు వ్రాసిన ఆ కాలపు పుస్తకాలలో ఈ నదీ ప్రయాణం ఒక సాహసం. సుడిగుండాలు, పులులు, కొండల నీడ, రాత్రి ఇసుక తిన్నెల మీద బస. చదవడానికి బాగుంటాయి. మేము కూడా ఇష్టపడి చదివాము. కాని ఒడ్డున నిలబడి ఆ పడవ వంక చూసే కొండరెడ్డికి అది ఏమిటి? పడవ వచ్చినదంటే షావుకారు వచ్చాడు, లేక పన్ను వచ్చింది. కొండ మీద పోడు కొట్టుకొని జొన్న, సామ పండించుకొని, జీలుగు కల్లు గీసుకొని బ్రతికేవాడికి ఆ కల్లు మీద కూడా పన్ను వేశారు. రంప మన్సబుదారు దానికి తోడు చిగురుపన్ను వసూలు చేశాడు. 1879 మార్చిలో రంప పితూరీ లేచింది. గోదావరి మన్యం నుండి విశాఖ మన్యం దాకా పాకింది. దానిని అణచడానికి పోలీసులు చాలక సైన్యాన్ని తెప్పించవలసి వచ్చింది. 1922-24లో అల్లూరి సీతారామరాజు కదిలించినది ఆ మన్యాన్నే. అడవి చట్టాలు, రోడ్డు పనులలో వెట్టి అప్పటికి ఆ నిప్పు మీద మరింత పిడకలు వేశాయి.

ఫ్యూరర్ హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుడు 1941లో ఈ కొండలలో తిరిగాడు. యుద్ధకాలంలో శత్రుదేశపు మనిషి కనుక ఆయనను నిజాం రాజ్యం విడిచి పోనివ్వలేదు. ఆయన ఆ నిర్బంధాన్ని కొండరెడ్ల దగ్గర గడిపి, 1945లో వారి మీద పెద్ద పుస్తకం ప్రకటించాడు. కొండపై ఊళ్ళలో పోడు చేసుకొనేవారి కంటె ఏటి ఒడ్డు ఊళ్ళ వారు కలప వర్తకులకు ఎక్కువగా లొంగిపోయి ఉండటం ఆయన కళ్ళబడింది. తీసుకున్న అప్పుకు వెదురు కొట్టడం, దుంగలు ఏటికి లాగడం, లెక్క ఎప్పటికీ తెగకపోవడం. ఇది చదివినప్పుడు మాకు కంగాణి పద్దు పుస్తకం గుర్తుకు వచ్చింది. అడ్వాన్సు అని ఇచ్చిన రూపాయలు, ఓడ ఖర్చు, కంబళి ఖర్చు, అన్నీ కలిపి మనిషిని కదలకుండా కట్టేయడం. మన పెద్దలలో అత్యధికులు మైదానపు ఊళ్ళ నుండి వచ్చినవారు. కొండరెడ్లు కారు. కాని ఒకే ఏటి మీద, ఒకే రకం అప్పు, ఒకరిని ఊరిలోనే కట్టివేసింది. మరొకరిని ఊరు విడిపించింది.

ఆ 2018 ప్రయాణంలోనే మేము లాంచీ ఎక్కి పాపికొండలకు వెళ్ళాము. అక్కినేని నటించిన ‘అందాల రాముడు’ 1973లో వచ్చింది. రాజమండ్రి నుండి భద్రాచలానికి లాంచీలో సాగే కథ. మలేషియాలో వీడియో క్యాసెట్టు అరిగిపోయేదాకా మేము చూసిన బొమ్మ అది. ఇంచుమించు అటువంటి లాంచీయే దొరికింది. ఇడ్లీ, కాఫీ, మైకులో పాటలు, డాన్సు. గండిపోచమ్మ గుడి దగ్గర అందరూ దిగి దండం పెట్టి ఎక్కారు. పూర్వం పడవవాళ్ళు ఆ తల్లికి మొక్కకుండా పైకి కదిలేవారు కారట. కొండలు దగ్గరకు వచ్చేసరికి ఇంజను చప్పుడు రెండు గోడల మధ్య మోగినట్లు మోగింది. నీరు ముదురు ఆకుపచ్చ. ఒడ్డున చిన్న చిన్న గుడిసెల ఊళ్ళు, దోనెలలో పిల్లలు. లాంచీలో అందరూ ఫోటోలు తీసుకుంటూ ఉన్నారు, మేమూ తీసుకున్నాము. ‘అందాల రాముడు’లో కూడా ఒడ్డు ఒక బొమ్మే కదా అని అప్పుడు తోచింది. కథ అంతా లాంచీలో వాళ్ళది.

సరంగు ముసలివాడు. అతని ప్రక్కన కూర్చోనిచ్చాడు. ఎక్కడ రాయి ఉన్నది, ఎక్కడ సుడి తిరుగుతుంది, ఏ నెలలో ఏ గట్టు పట్టుకొని పోవాలి అని వేలితో చూపించాడు. సుళ్ళు లేచే లోతు మలుపును అక్కడివాళ్ళు ‘మందం’ అంటారు. కచ్చులూరు మందం దగ్గర మాట్లాడటం ఆపి చుక్కాని మీదే చూపు పెట్టాడు. దాటిన తరువాత బీడీ వెలిగించాడు.

పేరంటాలపల్లిలో దిగాము. 1920లలో బాలానంద స్వామి అక్కడ ఆశ్రమం ఏర్పరచి, కొండరెడ్ల మధ్య ఉండిపోయాడు. మెట్ల దారిలో రెడ్ల ఆడవాళ్ళు వెదురుతో చేసిన పూలు, బుట్టలు అమ్ముతున్నారు. ఒకామె దగ్గర ఒక బుట్ట కొన్నాము. మా తెలుగు విని, “మీదేవూరండీ?” అని అడిగింది. సింగపూరు అన్నాము. ఆమె కొంచెం ఆలోచించి, “అది ఈ గట్టా, ఆ గట్టా?” అన్నది. ప్రక్కనున్న లాంచీ కుర్రాడు నవ్వాడు. నవ్వవలసిన ప్రశ్న కాదు అది. ఏటి మీద బ్రతికేవారికి ఊరు అంటే ముందు ఏ గట్టు అన్నదే చిరునామా. మా మామ్మ ఊరిది ఏ గట్టో మాకు తెలియదు. “ఆ గట్టే అమ్మా” అని చెప్పి వచ్చేశాము.

తొమ్మిది నెలల తరువాత, 2019 సెప్టెంబరు 15న, వరద పొంగులో బయలుదేరిన ‘రాయల్ వశిష్ఠ’ అనే లాంచీ ఆ కచ్చులూరు మందం దగ్గరే మునిగిపోయింది. యాభై మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. బ్రతికినవారిని కాపాడినది మొదట ఒడ్డు ఊళ్ళ గిరిజనులే, తమ చిన్న పడవలు వేసుకొని. ఎన్నో రోజుల ప్రయత్నం తరువాత అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్ళు, లంగర్లు వేసి లాంచీని బయటకు లాగింది. పెద్ద యంత్రాలు కాదు, ఏరు తెలిసిన చేతులు. మేము సింగపూరులో టీవీ ముందు కూర్చొని ఆ సరంగు ముఖాన్ని వెతుక్కున్నాము. ఆ లాంచీ వేరు, ఈ మనిషి వేరు అని తెలిసి కూడా.

ఇంక మామ్మ కథలో రెండవ పడవ ఉన్నది. సముద్రం దాటి, పెనాంగు దగ్గర జెరెజాక్ దీవిలో క్వారంటైను ముగిసిన తరువాత ఆమె గుంపును తెలుక్ ఆన్సన్‌కు చేర్చారు. పెరాక్ నది మీది రేవు పట్టణం అది. 1982 నుండి తెలుక్ ఇంతాన్ అని పేరు. అక్కడ నుండి హుటాన్ మెలింతాంగ్. మళ్ళీ ఏరు, మళ్ళీ లాంచీ. ఈ సారి బెర్నామ్ నది. పెరాక్, సెలాంగోరు రాష్ట్రాల నడుమ అదే సరిహద్దు. దిగువన బాగాన్ దాతో, రుంగ్‌కుప్ కొబ్బరి తోటలలో మన వాళ్ళు ఎంతమంది ఉన్నారో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఎగువన రోడ్డు లేదు. వెస్టెన్‌హోల్జ్ అనే డేన్మార్కు ఇంజనీరు 1906లో జెండరాటా ఎస్టేటును ప్రారంభించాడు. ఆ కంపెనీ వారే 1920లలో ఉలు బెర్నామ్‌లో ఆయిల్ పామ్ తోట వేసినప్పుడు మనుషులు, బియ్యం, యంత్రాలు, చివరకు తీసిన నూనె కూడా నది మీదనే నడిచాయి. ఆ నది మీద మామ్మ దిగిన తోట చిన్నది, ఇప్పుడు దానికి ఆ పేరు కూడా లేదు.

ఆ ప్రయాణం ఆమె చెప్పినంత మా చెవిలో ఉన్నది. రెండు వైపులా నీపా ఆకులు, బురద, ఎండలో దుంగల వలె పడుకున్న మొసళ్ళు. ఒడ్డున కర్రల మీద కట్టిన ఇండ్లు. అవి మలాయివారివి, జావా నుండి, బోర్నియోలోని బంజరు నుండి వచ్చి అడవి కొట్టి స్థిరపడినవారివి. వెనుక అడవిలో ఓరాంగ్ అస్లీలు. ఆ ఓరాంగ్ అస్లీలు తేనె, వెదురు తెచ్చి ఉప్పు పట్టుకొని పోయేవారని మామ్మ చెప్పేది. “మన కొండోళ్ళలాగే” అనేది. మేము ఆ మాటను కూడా దాటవేశాము. మన కొండోళ్ళు ఎవరు అని అడిగి ఉంటే ఆమె ఊరు ఏ కొండ క్రిందనో తేలి ఉండేది. ఏజెన్సీ అంచున పుట్టిన పిల్ల ఉలు అంచుకు చేరింది. మధ్యలో ‘రాజులా’ ఓడ మీద గడిచిన రోజులే మన పాఠాలలోకి ఎక్కాయి. రాజులాకు పేరున్నది, ఫోటో ఉన్నది, 1926 నుండి 1973 వరకు అది తిరిగిన లెక్క ఉన్నది. పడవకు పేరు లేదు.

ఆ యువకుని ప్రశ్న తరువాత మేము అతనిని రెండు మూడు సార్లు బిజినెస్ పార్కులోనే మధ్యాహ్నం పూట కలుసుకున్నాము. ఏటి మీది ఊళ్ళ పేర్లు చెప్పమన్నాము. మంటూరు, కచ్చులూరు, కొండమొదలు, కొరుటూరు, టేకూరు, కొల్లూరు, పోచవరం. ఆ గట్టువి, ఈ గట్టువి, ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. నీటి మధ్య ఒక కప్పు, ఒక వేపచెట్టు తల. అది వాళ్ళ ఇల్లు.

పోలవరం ప్రాజెక్టు సంగతి అందరికీ తెలిసినదే. 1981లో ఒకసారి శంకుస్థాపన జరిగింది. 2004 తరువాత పని కదిలింది. 2014లో జాతీయ ప్రాజెక్టు అయింది, ముంపు మండలాలను ఖమ్మం జిల్లా నుండి ఆంధ్రప్రదేశ్‌కు మార్చారు. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్ళించారు. ఆ వర్షాకాలంలోనే దేవీపట్నం చుట్టుప్రక్కల ఊళ్ళలోకి వెనుక నీరు వచ్చి చేరింది. 2022 జూలైలో పెద్ద వరద వచ్చి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. 1986 నాటి 75 అడుగుల తరువాత అంతటి వరద అదే. మొత్తం మీద ఇల్లు విడువవలసిన కుటుంబాలు లక్షకు పైగా అని ప్రభుత్వ లెక్క. వారిలో కోయలు, కొండరెడ్లు చాలా మంది. డెల్టాకు నీరు కావాలి, విశాఖకు నీరు కావాలి, మేము కాదనలేము. కాటన్ ఆనకట్ట అన్నం తిన్న జిల్లాల వారి మనుమలం మేము. అయినా నూట యాభై ఏళ్ళుగా ఆ ఏటి మీద ఏ పథకం వేసినా ఎగువవాడు ఇచ్చుకోవడం, దిగువవాడు పుచ్చుకోవడం చూస్తే, ఉలు అన్న మాట మీద మా అనుమానం ఇంకా పెరుగుతున్నది.

అతని తల్లిదండ్రులు గోకవరం వైపు కట్టిన కాలనీలో ఉంటున్నారు. సిమెంటు ఇల్లు, కరెంటు, దగ్గరలో ఆసుపత్రి. తండ్రి రోజూ తెల్లవారుజామున లేచి ఏటికి పోదామని బయలుదేరి, వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి వస్తాడట. “మీరు ఊరు వదిలి వందేళ్ళయింది కదండీ మాస్టారూ. ఊరి పేరు మా పాపకి ఎలా గుర్తుంటుందో మీరు చెప్పాలి” అని అడిగాడు. మా ఇంటి ఊరి పేరే మాకు మిగలలేదని అతనికి చెప్పాము. అతను ఏమీ అనలేదు. భోజనం వేళ అయిపోయింది, మెడలో బ్యాడ్జి సర్దుకొని లోపలకు వెళ్ళిపోయాడు.

తరగతిలో పటం మార్చాము. ఎర్ర గీతకు ముందు ఒక నీలి గీత వేశాము. దుమ్ముగూడెం, భద్రాచలం, పాపికొండలు, పోలవరం, ధవళేశ్వరం లాకులు, సామర్లకోట. ఈ చివర పెనాంగు నుండి తెలుక్ ఆన్సన్, బెర్నామ్ వరకు మరొక నీలి గీత. అతను చెప్పిన ఊళ్ళకు చుక్కలు పెట్టాము. కొత్తగా అచ్చువేసే పటాలలో ఆ చుక్కలు ఉండవు, నీరే ఉంటుంది.

మన పత్రిక చదివే ఇండ్లలో ఎనభై తొంబై ఏళ్ళ పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. వారి తల్లులు, నాయనమ్మలు చెప్పినది వారికి జ్ఞాపకం ఉండవచ్చును. నాగావళి అయినా, వంశధార అయినా, గోదావరి అయినా, ఏ రేవులో పడవ ఎక్కారు, ఏ గట్టు, ఎన్ని లాకులు దాటారు అని అడిగి, వారు చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాసి పత్రికకు పంపండి. అర్థం కాకపోయినా దిద్దవద్దు. ఓడ పేరు తరువాత అడగవచ్చును.